లేని గోడ మీద చెయ్యి

పార్సిప్పనీ, న్యూజెర్సీ
2024 సెప్టెంబరు 15

చెల్లెలు కోటమ్మకి,

ఆశీస్సులు. ఈ భీమశంకర్ గుర్తున్నాడా? నువ్వూ ఈ దేశంలోనే, చాండ్లర్‌లో నీ కూతురి దగ్గర ఉంటున్నావని మన తబలా వెంకటప్పయ్య కొడుకు ద్వారా తెలిసింది. అడ్రసు అతనే ఇచ్చాడు. ఫోన్ చేద్దామంటే నాకు చెవులు పూర్తిగా పోయాయమ్మా. మిషన్ పెట్టుకుంటే ఈల తప్ప మాట వినపడదు. అందుకని కాగితమే.

నువ్వు మన నాటక సమాజం వదిలి పెళ్ళి చేసుకుని వెళ్ళి యాభై ఏళ్ళు. మన జంట గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. నువ్వు మీసం అంటించుకుని కత్తి దూసే రాజకుమారుడివి, నేను సవరం పెట్టుకుని కన్నీళ్ళు పెట్టుకునే రాణిని. ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా తెలిసేది కాదు, ఎవరు ఆడో ఎవరు మగో.

నేను మా అబ్బాయి ఫణి దగ్గర ఉంటున్నాను. మనవరాలు నిధి కాలేజీలో రెండో ఏడు. శనాదివారాలు ఇంటికొస్తుంది. చిన్న తెల్లబోర్డు మీద మార్కర్‌తో వంకర అక్షరాల తెలుగులో రాసి నాతో మాట్లాడుతుంది. ఈ టర్మ్‌లో దానికి పాత జపాన్ సినిమాల క్లాసు ఉంది. సమురాయ్‌లని, కత్తి కట్టుకుని దొర కోసం బతికి దొర కోసం చచ్చే బంట్లు. ఆ సినిమాల్లో ఆడవాళ్ళని ఎలా చూపించారన్నది నిధి రాయాల్సిన పేపరు. కథ ముందే బోర్డు మీద రాసి చెప్పి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూస్తుంది.

చెవులు లేకపోవడం మంచిదే అయిందనిపించింది కోటమ్మా. మాటలు లేకపోతే ఒళ్ళు కనిపిస్తుంది. ఆ ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని తలుపు పక్కకి జరిపే తీరు చూడాలి! ముందు చేతివేళ్ళంత సందు, తర్వాత చెయ్యంత, తర్వాత మనిషంత. భర్తకి వీపు చూపించకుండా వెనక్కి జరుగుతూ వెళ్ళిపోతారు. మొదట్లో జపాన్ సినిమాల్లో కూడా ఆడవేషాలు మగవాళ్ళే వేసేవారట. నిధి చెప్పగానే గుండె పొంగింది. మన జాతివాళ్ళు అక్కడా ఉన్నారన్నమాట.

జవాబు రాయి. అమ్మాయికి, అల్లుడికి ఆశీస్సులు.

భీమశంకర్

*

చాండ్లర్, అరిజోనా
2024 సెప్టెంబరు 28

అన్నయ్యగారికి,

నమస్కారాలు. మీ చేతిరాత కవరు మీద చూసి రెండు రోజులు విప్పలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఏ కబురో అని భయమేసింది. విప్పాక నవ్వుకున్నాను. మీ అక్షరాలు ఇప్పటికీ జడ వేసుకున్నట్టే ఉన్నాయి.

మా ఆయన పోయి ఆరేళ్ళయింది. భావన చిప్‌లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. అల్లుడు శ్రీహర్ష కూడా అదే పని. ఇద్దరూ వెళ్ళాక ఇల్లంతా నాదే. సెప్టెంబరు అయిపోతున్నా బయట అడుగు పెడితే పెనం మీద పెట్టినట్టుంది. తలుపులు వేసుకుని టీవీ చూస్తాను. మీ ఉత్తరం చదివాక, ఆ కత్తుల సినిమాలు ఏవైనా పెట్టమని భావనని అడిగాను. "నీకెందుకమ్మా అవి, బోర్" అంది గానీ పెట్టింది.

మూడు చూశాను. మీరు ఆడవాళ్ళ చేతులు చూశారు, నేను కత్తులు చూశాను. కత్తి పట్టి ఎనిమిదేళ్ళు అన్నం తిన్నదాన్ని కదా. ఒక సినిమాలో ఇంటి మీద పడ్డవాళ్ళని ఒక పెద్దావిడ పొడుగాటి కర్రకి బిగించిన కత్తితో ఎదుర్కొంటుంది. నిలబడిన తీరు చూసి లేచి కూర్చున్నాను. పాదాలు రెండూ సరిగ్గా పెట్టింది, బరువు వెనక కాలి మీద ఉంది. ఇద్దర్ని కొట్టింది. మూడోవాడు వచ్చేసరికి చచ్చిపోయింది. నిమిషం కూడా పట్టలేదు. తర్వాత గంటసేపు ఆవిడ కొడుకు పగ.

ఇంకో సంగతి. ఆ పెళ్ళాలు తలుపు మూసి వెనక్కి వెళ్ళిపోతారన్నారే, వెళ్ళి ఎక్కడ కూర్చుంటారు? ఏం చేస్తారు? సినిమా ఇవతల మగవాడి దగ్గరే ఉండిపోతుంది. తలుపవతలికి ఒక్కసారీ పోదు. నేను అదే చూస్తూ కూర్చున్నాను, తలుపు మళ్ళీ ఎప్పుడు తెరుచుకుంటుందా అని.

మగవాళ్ళు వేసి చూపించిన ఆడదాన్ని చూసి, తర్వాత వచ్చిన ఆడవాళ్ళు ఆడతనం నేర్చుకుని ఉంటారు. నాకు ఆడదానిలా నడవడం నేర్పింది మీరే కదా.

ఆరోగ్యం జాగ్రత్త.

చెల్లెలు
కోటమ్మ

*

పార్సిప్పనీ
2024 అక్టోబరు 13

చెల్లెలు కోటమ్మకి,

నీ ఉత్తరం నిధికి చదివి వినిపించాను. తలుపవతలి సంగతి వినగానే గబగబా ఇంగ్లీషులో రాసుకుంది. "తాతయ్యా, దిస్ ఈజ్ మై పేపర్!" అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించింది.

నిన్న చూసిన సినిమా నీకు చెప్పాలి. రాత్రంతా అదే కళ్ళ ముందు ఉంది. ఒక చిన్న బంటు ఉంటాడు. వాడి పెళ్ళాన్ని దొర పిలిపించుకుంటాడు. భర్తకి సంగతి తెలిసినా దొర మాట కాదనలేడు. ఆవిడ పొద్దున్నే ఇంటికి తిరిగొస్తుంది. స్నానం చేసి తెల్లబట్ట కట్టుకుని కూర్చుంటుంది. కోటమ్మా, అప్పుడేం చేసిందో తెలుసా? నడుముకున్న తాడు విప్పి రెండు మోకాళ్ళూ దగ్గరికి చేర్చి కట్టుకుంది. చచ్చి పడిపోయినప్పుడు బట్ట చెదిరి కాళ్ళు కనపడకూడదని! ఆ ముడి వేసే చేతుల్లో వణుకు లేదు. తర్వాత చిన్న బాకు. కెమెరా అక్కడినుంచి తోటలో ఉన్న భర్త వీపు మీదికి వెళ్ళింది. వాడి భుజాలు ఒక్కసారి కదిలాయి.

నేను ఏడ్చాను. నిధి ఏడవలేదు. బోర్డు తీసుకుని రాసింది: "నైఫ్ తన దగ్గరే ఉంది కదా. దొరని ఎందుకు కుట్టలేదు?" పొడవడం అన్న మాట రాలేదు పాపం. సినిమా మొత్తంలో ఆవిడ కనిపించింది పదకొండు నిమిషాలేనట, గడియారం పెట్టి లెక్కేసింది. ఇలాంటి సినిమాలు తీసినవాళ్ళు దొరల మీద మనకి కోపం తెప్పించాలనే తీశారని వాళ్ళ టీచరు చెప్పిందట. అది కూడా నిజమే.

ఇప్పుడు అసలు విశేషం. పేపరుతో పాటు చిన్న ప్రదర్శన కూడా ఇవ్వాలట. మగవాడు ఆడదాని దుఃఖాన్ని ఎలా అభినయిస్తాడో నన్ను చేసి చూపించమంది. ఏం చేస్తాను? నా దగ్గర మిగిలింది ఒకటే. నిండు సభలో అవమానపడ్డ రాణి బయటికి నడిచొచ్చే ఘట్టం. పందిట్లో గోడే ఉండదు, లేని గోడను పట్టుకుని నడిచేవాణ్ణి. ఆ నడకకి ఎన్ని వన్స్‌మోర్‌లు! పద్యాలన్నీ మరిచిపోయాను గానీ ఈ ఒంటికి ఆ నడక ఇంకా గుర్తుంది.

నీ అభిప్రాయం రాయి.

భీమశంకర్

*

చాండ్లర్
2024 అక్టోబరు 24

అన్నయ్యగారికి,

నమస్కారాలు. ఆ నడక వద్దు.

మీకు ఎనభై ఒకటి. మోకాళ్ళు సహకరించవు. ప్రియుడికి జాబు రాసే ఘట్టం చెయ్యండి, కూర్చునే చెయ్యొచ్చు. అద్దం ముందు బొట్టు పెట్టుకోవడం చెయ్యండి, అది మీకంటే బాగా ఎవరూ చెయ్యలేదు. అమెరికా పిల్లలకి అదే నచ్చుతుంది.

కోపం తెప్పించడానికే ఆ సినిమాలు తీశారని రాశారు. కోపం తెప్పించడానికైనా ఆవిడే చావాలా అని వాళ్ళ టీచరుని అడగమన్నానని నిధికి చెప్పండి.

ఆ నడక మాత్రం వద్దు. నా మాట మీద ఏమాత్రం గౌరవం ఉన్నా.

కోటమ్మ

*

పార్సిప్పనీ
2024 నవంబరు 20

చెల్లెలు కోటమ్మకి,

నీ మాట వినలేదు, కోపగించుకోకు. బొట్టు ఘట్టం రిహార్సల్ వేశాను గానీ చేతులు వణికి బొట్టు కనుబొమ్మ మీదికి జారుతోంది. నిధి మొహం చిన్నబోయింది. చివరికి నడకే చేశాను.

ఫణి కార్‌లో తీసుకెళ్ళాడు. నిధి వాళ్ళమ్మ పట్టుచీర కట్టుకున్నాను. మీసం తీసేశాను. నలభై మంది పిల్లలు, వాళ్ళ టీచరు. ముందు నిధి ఆ మోకాళ్ళు కట్టుకునే ఘట్టం తెర మీద చూపించి ఏదో మాట్లాడింది. తర్వాత నేను నడిచాను. పన్నెండు అడుగులు. గది ఇవతలి నుంచి అవతలికి. చివర్లో తల తిప్పి చూస్తే ఇద్దరు ఆడపిల్లలు కళ్ళు తుడుచుకుంటున్నారు. చప్పట్లు వినపడలేదు గానీ నేల అదరడం అరికాళ్ళకి తెలిసింది.

నిధి స్నేహితురాలు మేధ వీడియో తీసి నెట్‌లో పెట్టింది. లక్షమంది చూశారట. తెలుగువాళ్ళూ, జపాన్‌వాళ్ళూ కూడా కామెంట్లు పెడుతున్నారు. అందులో ఒకరు రాశారట, ఆడదాని బాధ ఇంత తెలిసిన మగవాణ్ణి చూడలేదని.

ఎనభై ఒకటో ఏట ఇంత అదృష్టం పట్టింది. చూసి ఎలా ఉందో రాయి. నువ్వు బాగుందంటేనే నాకు బాగున్నట్టు.

భీమశంకర్

*

చాండ్లర్
2024 డిసెంబరు 8

భీమశంకర్ గారికి,

భావన ఫోన్ పట్టుకుని వచ్చింది. "అమ్మా, మీ సమాజం ఆయనేనా? చూడు ఎంత వైరలయ్యారో!" అని చూపించింది. చూశాను. మళ్ళీ పెట్టమని రెండోసారి కూడా చూశాను. తర్వాత వెళ్ళి పడుకున్నాను.

మీరు అభిప్రాయం అడిగారు. చెబుతాను.

పంతొమ్మిది వందల అరవై తొమ్మిది. కందుకూరు కాంపు. పత్తి కొట్టు పక్కన పెంకుటింట్లో మనకి విడిది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ సినిమాకి వెళ్ళారు. ఇంట్లో ఉన్నది మీరు, నేను, సమాజం యజమాని పానకాలు. నాకు పంతొమ్మిదేళ్ళు. కొత్త పద్యం నేర్పుతాను రమ్మని ఆయన పిలిచాడు. మీరు పక్క గదిలో హార్మోనియం వాయించుకుంటున్నారు. మధ్యలో ఉన్నది తడిక. మట్టి కూడా మెత్తలేదు.

నేను "అన్నయ్యా" అని పిలిచాను. హార్మోనియం ఆగింది. మీరు విన్నారని అర్థమైంది నాకు. వస్తున్నారనుకున్నాను. రెండోసారి పిలిచాను. హార్మోనియం మళ్ళీ మొదలైంది. ముందు కన్నా గట్టిగా. మూడోసారి నేను పిలవలేదు.

బయటికి వచ్చేటప్పుడు చీర కుచ్చెళ్ళు నిలవడం లేదు. ఎడం చేత్తో నడుం దగ్గర పిడికిట్లో పట్టుకున్నాను. కళ్ళు తిరుగుతున్నాయని కుడిచెయ్యి గోడకి ఆనించాను. కుడికాలి బొటనవేలు గోరు లేచిపోయింది, అందుకని ఆ కాలు మడమ మీద వేశాను. ఎవరి మొహమూ చూడాల్సి రాకూడదని గడ్డం పైకెత్తి దూలం వైపు చూస్తూ నడిచాను. మీ గది తలుపు బెత్తెడు తెరిచి ఉంది. నేను పెరట్లో నూతి దగ్గరికి చేరేదాకా అది మూసుకోలేదు.

ఆ రాత్రి ఆట ఉంది. నేను మీసం అంటించుకుని వింగులో నిలబడ్డాను, కత్తి చేత్తో పట్టుకుని. రాణి సభలోంచి రావాలి. ఎప్పుడూ జుట్టు విరబోసుకుని పరుగెత్తుకొచ్చేవారు మీరు. ఆ రాత్రి పరుగెత్తలేదు. నడిచారు. ఎడంచెయ్యి నడుం దగ్గర, కుడిచెయ్యి గాలిలో. కుడికాలు మడమ మీద. గడ్డం పైకి. తర్వాత జనం లేచి నిలబడ్డారు. పానకాలు మీకు శాలువా కప్పాడు.

ఆ తర్వాత అయిదేళ్ళు, ప్రతి ఆటకీ, వింగులో నిలబడి నా నడక నేను చూశాను. వన్స్‌మోర్ అన్నప్పుడు రెండుసార్లు. అందుకే పెళ్ళి సంబంధం రాగానే మొహం కూడా చూడకుండా ఒప్పుకున్నాను. మంచివాడు దొరకడం నా అదృష్టం. ఆయనకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

ఆ జపాన్ ఆడమనిషి మోకాళ్ళు కట్టుకుంటుంటే మీకు ఆ ముడి ఎంత బాగా కనపడింది! ఎవరినైనా అంత దగ్గరగా చూడగలరు మీరు. లేచి వెళ్ళడం ఒక్కటే చేతకాదు.

నడక బాగుంది. ఎక్కడా తప్పు లేదు.

కోటమ్మ

*

పార్సిప్పనీ
2025 జనవరి 5

కోటమ్మకి,

చెల్లెలా అని రాయడానికి చెయ్యి రాలేదు.

హార్మోనియం ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది నేనే. నువ్వు గమనించి ఉండవని ఇన్నేళ్ళు అనుకుంటూ బతికాను. గమనించి ఉంటావని కూడా తెలుసు. రెండూ ఒకేసారి ఎలా తెలుస్తాయో అడగకు.

కారణాలు ఒక పేజీ నిండా రాశాను. ఇంట్లో నీళ్ళోసుకున్న భార్య. ఆడవేషాలకి ఆడవాళ్ళే వస్తున్న రోజులు. పానకాలు వద్దంటే నాకు ఇంకో సమాజం లేదు. చదివి చూసుకుని చించేశాను. చించినా ఒకటి మిగిలింది. భయపడ్డాను. అంతే.

ఇంకా దరిద్రమైనది ఒకటుంది. ఇంత చెప్పాక అది దాచడం దేనికి? తలుపు సందులోంచి నిన్ను చూసినప్పుడు నాకు ముందు జాలి కలగలేదు. ముందు అనిపించింది, ఇది పట్టుకోవాలని. కాలు ఎలా వేస్తోంది, చెయ్యి ఎక్కడ పెట్టింది అని. జాలి తర్వాత వచ్చింది. అప్పటికే నా ఒళ్ళు ఆ నడకని పట్టేసుకుంది. శాలువా కప్పించుకున్న రాత్రి వెక్కి వెక్కి ఏడ్చాను. తెల్లారి లేచి కాలు మడమ మీద వేయడం ఇంకా బాగా కుదిరేలా సాధన చేశాను. రెండూ నిజమే.

నువ్వు వద్దని రాసినప్పుడు ఎందుకు వద్దన్నావో నాకు అర్థమైంది కోటమ్మా. మోకాళ్ళ కోసం కాదని తెలుసు. అయినా చేశాను. ఎందుకంటే అది కాకపోతే నేను ఏమీ లేను. కళాకారుణ్ణని చెప్పుకోవడానికి నా దగ్గర ఆ పన్నెండు అడుగులే ఉన్నాయి. అవీ నీవే.

నన్ను క్షమించగలవా? నిధికి చెప్పమంటావా? నువ్వెలా అంటే అలా.

భీమశంకర్

*

చాండ్లర్
2025 జనవరి 27

భీమశంకర్ గారికి,

చెప్పండి. నా పేరు పెట్టి చెప్పండి. కథలో ఎవరో అమ్మాయి అని చెప్పకండి.

నేను భావనకి చెప్పాను. డెబ్భై అయిదేళ్ళకి మొదటిసారి నోరు తెరిచి చెప్పాను. విన్నంతసేపూ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. చెప్పేస్తే ఏదో దిగిపోతుందంటారు, నాకేమీ దిగలేదు. మర్నాడు ఆఫీస్ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, తెలుగు మాట్లాడే థెరపిస్ట్ దొరికింది, అపాయింట్‌మెంట్ బుక్ చేశాను, ఏడు వారాలు వెయిటింగ్" అంది. వెనక నుంచి ఎవరో పిలుస్తున్నారు. మీటింగ్ ఉందని పెట్టేసింది. దాని తప్పేమీ లేదు. అది చెయ్యగలిగింది అంతే. ఇప్పుడు నేను గదిలోకి వస్తే టీవీ సౌండ్ తగ్గిస్తుంది, ఇంట్లో రోగి ఉన్నట్టు.

క్షమాపణ అడిగారు. నా దగ్గర ఉందేమోనని వెతికాను. లేదు.

కోటమ్మ

*

పార్సిప్పనీ
2025 మార్చి 9

కోటమ్మకి,

నిధికి చెప్పాను. నీ పేరు పెట్టే చెప్పాను. పానకాలు పేరు, నా హార్మోనియం సంగతి, అన్నీ. కిందటి నెల్లో ఒక శనివారం, మధ్యాహ్నం, సోఫాలో పక్కన కూర్చోబెట్టుకుని.

చివరిదాకా వింది. తర్వాత బోర్డు తీసుకుంది. "అప్పుడు మీ చెవులు బాగున్నాయా?" అని రాసింది. బాగున్నాయన్నాను. అది తుడిచేసి, "కోటమ్మ అమ్మమ్మ పిలిచింది మీకు వినిపించింది" అని రాసింది. ప్రశ్న గుర్తు పెట్టలేదు. తల ఊపాను. ఇంకేదో రాయబోయి, మార్కర్‌కి మూత పెట్టేసి, బోర్డు నా ఒళ్ళో పెట్టి లేచి వెళ్ళిపోయింది.

అదే రోజు మేధతో చెప్పి వీడియో తీయించేసింది. పేపరుకి వచ్చిన మార్కులు కూడా తనకి వద్దని టీచరుకి రాసిందట, ఫణి చెప్పాడు. ఫణి నా మీద మండిపడ్డాడు. పెదాల కదలిక చూసి కొన్ని మాటలు పట్టుకున్నాను. "ఆ వయసు పిల్లకి ఇవన్నీ చెప్తారా నాన్నా? ఎప్పుడో జరిగిపోయినవి!" అన్నాడు. కోడలు కంచంలో అన్నం పెట్టి, నా మొహం చూడకుండా వెనక్కి తిరిగింది.

రెండు వారాలుగా నిధి ఇంటికి రావడం లేదు. బోర్డు మీద దాని అక్షరాలు అలాగే ఉన్నాయి. నాతో మాట్లాడేవాళ్ళు ఇంకెవరూ లేరు.

నువ్వు చెప్పమన్నావు, చెప్పాను. నీకు కొంచెమైనా బాగుందా? అడగడానికి నాకు హక్కు లేదు. అయినా అడుగుతున్నాను.

భీమశంకర్

*

చాండ్లర్
2025 ఏప్రిల్ 14

భీమశంకర్ గారికి,

బాగుందా అని అడిగారు. లేదు. నిధి ఆ ప్రశ్న అడిగిందని చదివినప్పుడు మాత్రం, ఇన్నేళ్ళకి ఒక్కరు అడిగారు కదా అనుకున్నాను. ఆ పిల్లని చూడాలనిపించింది. అంతలోనే, దానికి తాతయ్య లేకుండా చేశాననిపించింది.

వీడియో తీయించేశారని రాశారు. ఇక్కడికి అది ముందే వచ్చేసింది.

మొన్న శనివారం ఇక్కడి తెలుగు సంఘం వాళ్ళ ఉగాది ప్రోగ్రాం. నాకు గాలి మారుతుందని భావన పట్టుబట్టి తీసుకెళ్ళింది. హైస్కూల్ ఆడిటోరియంలో పులిహోర వాసన, మైకు కీచుమనడం, పట్టులంగాల పిల్లలు, మామూలే. గీతాంజలి అని డ్యాన్స్ నేర్పే ఆవిడ ఉంది, భావన స్నేహితురాలు. వాళ్ళ స్కూల్ వాళ్ళ ఐటెం వచ్చింది. పేరు స్త్రీ శక్తి అని అనౌన్స్ చేశారు. ముందు వీరనారులు. పది, పన్నెండేళ్ళ పిల్లలు అట్టకత్తులు తిప్పారు. పాదాలు ఎలా పెట్టాలో ఎవరూ చెప్పినట్టు లేదు. తర్వాత లైట్లు నీలంగా మారాయి. ఎర్రంచు తెల్లచీరల్లో పిల్లలు ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఎనిమిదిమంది.

ఎనిమిదిమందీ ఎడంచెయ్యి నడుం దగ్గర, కుడిచెయ్యి గాలిలో. కుడికాలు మడమ మీద. గడ్డం పైకి.

భావన నా వైపు చూసింది. తనకి తెలుసు కదా. "వెళ్ళిపోదామా?" అంది. లేవలేకపోయాను. పిల్లలు స్టేజి అటుచివరికి చేరేసరికి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఈలలు కూడా వేశారు.

అయిపోయాక గీతాంజలి ఒక పిల్లని వెంటపెట్టుకుని నా దగ్గరికొచ్చింది. అవని ఆ పిల్ల పేరు. పదకొండేళ్ళు ఉంటాయి. "ఈ అమ్మమ్మగారు పాత స్టేజ్ ఆర్టిస్ట్ అవనీ, నమస్తే చెప్పు" అంది. తర్వాత నాతో, "ఆ తాతగారి వీడియో చూసి నేర్పించానండీ, ఎంత గ్రేస్ఫుల్‌గా ఉందో! ఇప్పుడు దొరకడం లేదు, లక్కీగా సేవ్ చేసుకున్నాను" అంది. పిల్ల తల్లి ఫోన్ పట్టుకుని రికార్డ్ చేస్తోంది.

చెబుదామని నోరు తెరిచాను. ఆ నడక ఎక్కడిదో, ఎవరిదో. పిల్ల నా మొహంలోకి చూస్తోంది. కాటుక చెంపల మీదికి కారి ఉంది, చెమటకి. ఏం చెప్పను? ఏ మాటతో మొదలుపెట్టను? పదకొండేళ్ళ పిల్లకి, తల్లి ఫోన్ ముందు, పులిహోర ప్లేట్లు పట్టుకుని తిరుగుతున్న జనం మధ్య? పక్కనే భావన తల వంచుకుని నిలబడింది. అది కూడా చెప్పలేదు.

"అమ్మమ్మగారూ, నా వాక్ కరెక్టేనా?" అంది అవని. వచ్చీరాని తెలుగు. "గీతా ఆంటీ హ్యాండ్ ఇంకా హై పెట్టమంటుంది. నాకు రాంగ్ అనిపిస్తోంది."

చెయ్యి ఎత్తి చూపించింది. భుజం కన్నా పైన ఉంది. అలా ఉండదు. కళ్ళు తిరుగుతున్న మనిషి చెయ్యి అంత ఎత్తున పెట్టలేదు.

నేను ఆ పిల్ల మణికట్టు పట్టుకున్నాను. ఎంత సన్నగా ఉందో. మెల్లగా కిందికి దించి, ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టాను.

"ఇలాగమ్మా" అన్నాను.

మళ్ళీ నడిచి చూపించింది. ఈసారి సరిగ్గా వచ్చింది.

కోటమ్మ